చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, మన పాట ఏది?

కొంచెం పొడుగు పోస్టు ఇది. ఓపికతో చివరిదాక చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే కామెంట్లల్ల తిట్టండి.

పరీక్షలు దగ్గరికొస్తే చాలు, హాస్టళ్ళల్ల, ఇండ్లల్ల ఒక్కటే మాట వినబడుతది: "పాటలు బంద్ పెట్టు. పాటలు వినేటోడు బాగుపడడు." ఈ మాట అనేవాళ్ళు మన మేలు కోరేవాళ్ళే, కాదనను. కానీ ఆ మాటలో నిజం పావలా వంతే. మాటలున్న పాట వినుకుంట పాఠం చదివితే, పాటల మాటలు పుస్తకంల మాటలను తోసేస్తయి, చదివింది సరిగ్గ నిలవదు. కాబట్టి చదివేటప్పుడు పాట ఆపాలె. అంతవరకు ఒప్పుకుందాం. మరి మిగిలిన పన్నెండణాల సంగతేంది?

రోజంతా చదువే ఉండదు గదా. మనలో ఎంతోమంది చిన్నప్పుడే ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలకు, గురుకులానికి పోయినోళ్ళం. తల్లి భాష వినబడని గదిల నిద్రపట్టని రాత్రులు ఉంటయి. మార్కులు తగ్గి మనసు చిన్నబోయిన సాయంత్రాలు ఉంటయి. అప్పుడు ఒక మంచి పాట పక్కన కూర్చున్న మనిషి లెక్క పనిచేస్తది. పొద్దున గది ఊడ్చేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు, హన్మకొండ బస్సుల నిలబడి పోయేటప్పుడు పాట తోడుంటే ఆ రోజే వేరుగ ఉంటది. మనకు ఇది ఎవరో చెప్పాల్సిన పనిలేదు. నాట్లేసే ఆడోళ్ళు పాట అందుకుంటే నడుము నొప్పి మరిచిపోతరు. పాట పనికి అడ్డమైతే మన పెద్దోళ్ళు ఒక్క మడి కూడ నాటకపోదురు.

"పాటలతోటి కడుపు నిండుతదా?" అని అడిగేటోళ్ళకు జనగామ గడ్డనే జవాబు చెప్తది. 1946 నుంచి 1951 దాక నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంల ధర్మాపురం లంబాడీలు విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురుతిరిగి భూమి కోసం కొట్లాడిన్రు. జాటోతు ఠాను ప్రాణమే ఇచ్చిండు. ఆ రోజుల్ల చదువు రాని ఊర్లకు పోరాటం కబురు ఎట్ల పోయింది? పాట మీద, బుర్రకథ మీద, గొల్లసుద్దుల మీద పోయింది. సుద్దాల హనుమంతు లాంటోళ్ళు పాట కట్టి జనాన్ని లేపిన్రు. విన్న చెవులు ఉన్నయి కాబట్టే ఆ పాట పనిచేసింది.

ఇంతవరకు పెద్దోళ్ళతో కొట్లాట. అసలు కొట్లాట మనతోనే ఉంది.

మనం పాటలు వింటలేమా? రోజంతా వింటున్నం. ఏం వింటున్నం? ఫోన్ ఏది ముందర పెడితే అది. సినిమా పాట రావొచ్చు, హిందీ రావొచ్చు, మంచిదే, అన్నీ వినాలె. కానీ గదిల నలుగురు దోస్తులు ఉన్నప్పుడు గోర్‌బోలి పాట వస్తే వాల్యూం ఎందుకు తగ్గుతది? కోయ పాట వస్తే వేలు ఎందుకు గబుక్కున నెక్స్ట్ మీదికి పోతది? ఎవడో నవ్వుతడని మనమే ముందుగ నోరు మూసుకుంటున్నం. నవ్వేటోనిది ఒక తప్పయితే, దాక్కునుడు రెండు తప్పులు.

గోర్‌బోలి, కోయ భాషలు తరతరాలుగ పుస్తకాల మీద కాదు, నోటి మీద బతికినయి. మన పుస్తకం పాటనే. శ్రావణంల తీజ్ వస్తే పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్ల గోధుమలు అలికి తొమ్మిది రోజులు పాటలు పాడుకుంట నీళ్ళు పోస్తరు. హోలీకి లేంగీ పాటలు ఉంటయి. పుట్టింటిని విడిచే పెండ్లికూతురు ఏడ్చుకుంట పాడే ఢావ్లో ఉంటది. ఆ ఢావ్లో పూర్తిగ పాడగలిగే చెల్లెళ్ళు మన గ్రూపుల ఎంతమంది ఉన్నరు? లెక్క మీరే చెప్పండి.

కోయల సంగతి చూడండి. పడిగె మీద ఇలవేల్పుల కథ, గట్టుల కథ బొమ్మలై ఉంటది. డోలి కళాకారుడు డోలు పట్టి ఆ కథ పాడితేనే ఆ బొమ్మలు మాట్లాడుతయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ కథను కోయలో, తెలుగులో పాడినోడు. 2022ల పద్మశ్రీ వచ్చింది. ఆనాడు మనమందరం స్టేటస్‌లు పెట్టినం. 2024 జూన్‌ల ఆయన కన్నుమూసిండు, మళ్ళ స్టేటస్‌లు పెట్టినం. ఆ రెండు స్టేటస్‌ల నడుమ ఆయన పాటను మొదటి నుంచి చివరిదాక కూర్చొని విన్నోళ్ళు ఎంతమంది? రెండేండ్లకోసారి మేడారం పోతున్నం. మన మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచే పగిడిద్దరాజు బయలుదేరుతడు. సెల్ఫీ దిగుతున్నం, బంగారం మొక్కుతున్నం. డోలు ఏం చెప్తున్నదో విననీకి ఒక్క గంట దొరుకుతలేదు.

"ఇప్పుడు డీజేల మన పాటలే వేస్తున్నరు గదా అన్నా" అనొచ్చు. మన పాట యూట్యూబ్‌ల, డీజేల రావడం నాకూ సంతోషమే. కానీ డీజే మోగితే తండాల ఎవ్వరూ పాడరు. పాడాల్సిన అవ్వ గోడకు ఆనుకొని చూస్తది. పాట ఉంటది, పాడే గొంతు ఉండదు. పైగా చెవులు కూడ పోతయి. వినికిడి సమస్య ముప్పుల 100 కోట్లకు పైగా యువత ఉన్నరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. వారానికి 40 గంటలు వినేటోళ్ళు 80 డెసిబెల్స్ దాటొద్దని కూడ చెప్పింది. చెవులే పోతే ఇంక ఏ పాట వింటం?

అందుకే నాలుగు పనులు అడుగుతున్న.

ఒకటి, ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వనో, తాతనో అడిగి, వాళ్ళు సరే అంటేనే, ఒక్క పాట ఫోన్‌ల రికార్డు చేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నరో, ఎప్పుడు పాడుతరో అడగండి. పాటను తెలుగు అక్షరాలల్ల రాసుకోండి.

రెండు, హాస్టల్‌ల ఆదివారం ఒక గంట అందరు కూర్చొని వినండి. ఇయర్‌ఫోన్ తీసేయండి, అందరికి వినబడనీయండి.

మూడు, ఆశ్రమ పాఠశాలలకు, గురుకులాలకు డోలి కళాకారులను, పాటలు తెలిసిన తండా అవ్వలను పిలిచి, గౌరవంగ డబ్బులిచ్చి పాడించాలని అధికారులను అడుగుదాం. ఫ్లెక్సీలకు, శాలువాలకు ఉన్న పైసలు వీళ్ళకు ఎందుకు ఉండవు?

నాలుగోది కష్టమైంది. రిజర్వేషన్ల కాడ కోయోళ్ళకు, లంబాడోళ్ళకు నడుమ గొడవలు ఉన్నయి. ఈ పోస్టుతో అవి తెగవు. కానీ కోయ తమ్ముడు తీజ్ పాట వింటే, లంబాడ చెల్లె రేల పాట వింటే ఏ జీవో అడ్డం రాదు. ఒకరి పాట ఒకరం విన్నోళ్ళం ఒకరినొకరం బూతులు తిట్టుకునుడు కొంచెమన్న తగ్గిస్తం.

పాటలు వింటే చెడిపోతం అనేటోళ్ళకు మన జవాబు ఇదే: వింటం, ఇంకా బాగా వింటం, చదువుకుంటం కూడ. మన పాటకు సిగ్గుపడుడు మాత్రం ఇయ్యాల్టి నుంచి బంద్ పెడుదాం. ముందుగ ఎవరు రికార్డు చేసి గ్రూపుల పెడుతరో కింద రాయండి.