నీటి లోపలి పటాలకు అండమానే పోవాలా?

విశాఖలో సముద్రపు ఛాయాచిత్రాలకు కొదువ లేదు. సూర్యోదయం, ఓడలు, డాల్ఫిన్‌ నోస్‌ కొండ; అన్నీ నీటి పైనివే. లోపలి చిత్రమనగానే అండమానుకు పయనం కట్టాలనే మాట వినవస్తుంది. నాకది రుచించదు.

అరచేతిలో ఇమిడే కెమెరా, దానికి అమరే నీరు చొరని తొడుగు, పాటు వేళ: ఆరంభానికివి చాలును. తొట్లకొండ దిగువ తీరాన, కడలి వెనుదీసినప్పుడు రాతి గుంటలలో నీరు నిలుస్తుంది. పీతలు, నత్తలు, పువ్వులని భ్రమింపజేసే జీవులు అందులోనే కనబడతాయి. లోతుకు దిగితే నీరు ముందుగా ఎరుపును మింగివేస్తుంది. అయిదారు మీటర్లకే చిత్రం నీలివర్ణమైపోతుంది. గుంటలో ఆ బాధ లేదు. జూమ్‌ను నమ్మకండి, కెమెరానే జీవికి జానెడు దూరానికి చేర్చండి. మధ్యనున్న నీరు తగ్గినకొద్దీ చిత్రం తేటపడుతుంది. ఫ్లాష్‌ వెలిగిస్తే నీటిలో తేలే రేణువులన్నీ మంచు కురిసినట్లు మెరుస్తాయి. వానకాలంలో గెడ్డల బురద కలుస్తుంది కనుక ఆ నెలలు విడిచిపెట్టడమే మేలు. తొడుగు మూతనున్న రబ్బరు వలయంపై ఒక్క ఇసుకరేణువు నిలిచినా కెమెరా దక్కకపోవచ్చు. (అలకు వీపు చూపరాదని విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు.)

ఇంత తాపత్రయమెందుకంటారా? నిఘంటువు తెరిస్తే ఎన్నో చేపల పేర్లకు ‘మత్స్యవిశేషం’ అన్న అర్థమే కనిపిస్తుంది. ఆ విశేషమేదో మా పండితులకు తెలియదు, జాలరులకు తెలుసు. వారి పిల్లలు ఇతర వృత్తులకు మరలుతుండగా ఆ పేర్లూ మరుగవుతున్నాయి. తీసిన పటం పెదజాలరిపేటలో ఒక పెద్దాయనకు చూపి పేరడగండి. ఆయన పలికినట్లే, దిద్దకుండా, పటం కింద వ్రాయండి.