పథ్యం పేరిట పస్తులు

'పథ్యం' అన్న మాటకు మూలం 'పథం'. దారి తప్పనిది పథ్యం. జ్వరపడి లేచినవానికి పాతబియ్యపన్నమూ చారూ పెట్టడం దారిన నడిపించడమే గాని, నోటి ముందరి ముద్ద లాగివేయడం కాదు. ఏళ్ల తరబడి పిల్లలకు ఈ వ్యుత్పత్తి చెప్పిన నాకు దాని అంతరార్థం మా మేనకోడలి ఇంట తెలిసివచ్చింది.

ఆమె కుమారునికి ఐదేళ్లు. ఆటిజం అని మూడవ ఏట నిర్ధారించారు. కొందరు దీనిని 'స్వలీనత' అంటున్నారు. సమాసం అందమైనదే గాని, మా మనుమని చూచిన తరువాత నాకు సమ్మతం కాలేదు. వాడు తనలో లీనమై లేడు. కుక్కరు కూత వినబడితే చెవులు మూసుకొని మూలకు పరుగెత్తేటంతగా లోకం వాని మీద విరుచుకుపడుతున్నది. వాడు నోట పెట్టేవి నాలుగే: పాలు, పెరుగన్నం, చట్నీ తగలని ఇడ్లీ, ఒకే రకం బిస్కట్టు.

ఒక సలహాదారు వ్రాసి ఇచ్చిన పట్టికలో పాలు, పెరుగు, నెయ్యి, గోధుమ, మైదా, బొంబాయి రవ్వ నిషిద్ధాలు. ఆరు నెలలు పాటిస్తే మాటలు వస్తాయన్నారట. నాలుగింటిలో మూడు పోయాయి. బిడ్డ మూడు నెలలు ఇడ్లీ మీదనే బ్రతికాడు. తూకం తగ్గింది. "పెరుగు పెట్టనా వద్దా మావయ్యా? పెడితే వాడి మాట నేనే చెడగొట్టినదాన్నవుతానేమో" అని ఆ తల్లి కన్నీరు పెట్టుకొన్నది. ఆ మాటే నా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

ఈ పథ్యం వెనుక ఒక ఊహ ఉన్నది. మెదడులో సహజంగా ఉండే నల్లమందు వంటి రసాయనాలకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునని 1979లో జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పాలలోని కేసీన్, గోధుమలోని గ్లూటెన్ సరిగా జీర్ణం కాక, అటువంటి పదార్థాలుగా మారి మెదడును చేరుతాయని ఆ తరువాతివారు దానికి ఆహారాన్ని జోడించారు. వినడానికి తర్కబద్ధమే. కాని ఊహ వేరు, ప్రమాణం వేరు. అమెరికాలోని రోచెస్టర్‌లో 14 మంది పిల్లల చేత ఈ పథ్యం చేయించి, మధ్య మధ్య గోధుమ, పాలు కలిసిన తినుబండారాలనూ కలవనివాటినీ ఏది ఏదో ఎవరికీ తెలియకుండా పెట్టి చూచారు. నిద్రలోగాని, విరేచనంలోగాని, ప్రవర్తనలోగాని తేడా కనబడలేదని 2016లో ప్రకటించారు. పిల్లలు కొద్దిమందే, ఇదే తుదితీర్పు అనను. అయితే ఆటిజం మూల లక్షణాలకు ఈ పథ్యాన్ని వాడవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ కూడ 2013లోనే సూచించింది.

మరి "మా వానికి గుణం కనబడింది" అనే తల్లిదండ్రులు అబద్ధమాడుతున్నారా? ఎంతమాత్రం కాదు. మా ఇంటనే చూచాను. పాలు మానిన తొలి వారాలలో వాడు చేయి కొరుక్కోవడం తగ్గింది. పట్టిక ఫలించిందని అందరం మురిసిపోయాము. పిల్లల వైద్యురాలు ఓపికగా విచారిస్తే అసలు సంగతి బయటపడింది. అంతకు ముందు వాడు రోజుకు దాదాపు లీటరు పాలు తాగేవాడు, తీవ్రమైన మలబద్ధం. కడుపునొప్పి అని చెప్పుకోలేని బిడ్డ చేయి కొరుక్కొని చెప్పాడు. పాలు తగ్గితే నొప్పి తగ్గింది. నొప్పి తగ్గింది గాని, ఆటిజం కాదు. మందు ఇచ్చి, పాలను మితపరచి, పెరుగన్నం తిరిగి పెట్టారు. తూకం పెరిగింది. చేయి కొరకడం మళ్లీ రాలేదు. మాటలు ఇంకా రాలేదు.

కనుక ఆహారానికి ఏ ప్రమేయమూ లేదని నేననను. 'ఒంటికి పడదు' అని మనం ఒక్క మాటలో చెప్పేదానిలో మూడు సంగతులున్నాయి. పాల ప్రోటీనుకు దద్దుర్లు, ఆయాసం రావడం అలర్జీ. పాలలోని చక్కెర అరగక కడుపుబ్బరం కావడం వేరు. గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ వ్యాధి మరొకటి. ఇవి ఆటిజం ఉన్న పిల్లలకూ రావచ్చు. వస్తే పథ్యం తప్పనిసరి. సీలియాక్ రక్తపరీక్ష గోధుమ తింటూండగానే చేయించాలి, మానిన తరువాత చేయిస్తే ఫలితం తప్పుదారి పట్టవచ్చు. పరీక్ష లేకుండా, పోషకాహార నిపుణుల తోడు లేకుండా, గడువు లేకుండా ముద్ద తీయరాదు. తీసిన పాలకు బదులు కాల్షియం ఎక్కడినుండి వస్తుందో చెప్పని పట్టిక అసంపూర్ణం. గోధుమ మానడం మనకు అంత కష్టం కాదు. వరి, జొన్న, రాగి, కొర్రలలో గ్లూటెన్ లేదు. నాలుగు పదార్థాల బిడ్డ దగ్గర పెరుగు తీసివేయడం మాత్రం సామాన్యమైన మాట కాదు.

అన్నిటికంటె నన్ను బాధించేది తల్లి మీది నింద. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్రాసి ఆటిజానికి ఆ పేరు నిలిపాడు. తరువాత రెండు దశాబ్దాలకు పైగా తల్లుల ప్రేమరాహిత్యమే కారణమన్న వాదం చెలామణి అయింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ గ్రంథం దానికి ఊపునిచ్చింది. ఆ వాదం నిలువలేదు. కాని నింద చావలేదు. నాడు తల్లి ఒడిని తప్పుపట్టారు, నేడు ఆమె వంటింటిని తప్పుపడుతున్నారు.

నేనూ నిర్దోషిని కాను. నా తరగతిలో పలుకరిస్తే పలుకక, రోజూ పెరుగన్నమే తెచ్చుకొనే బాలుడొకడుండేవాడు. మొండివాడనుకొని బెత్తం ఎత్తాను. వానికి ఏ పేరు వర్తించేదో ఇప్పుడు నిర్ణయించలేను. కాని వాడు గిన్నె మీద రెండు చేతులూ కప్పుకొని కూర్చున్న తీరు మరువలేదు. అది వానికి ఈ లోకంలో తెలిసిన ఒకే ఒక్క చోటు.

మొన్న మా మనుమడు పెరుగన్నం ప్రక్కన ఒక్క దానిమ్మ గింజను నిలవనిచ్చాడు. తినలేదు, విసరివేయలేదు. మా మేనకోడలు నా వైపు చూచి నవ్వింది. దారి తప్పనిదే పథ్యమైతే, ఆ గింజ పథ్యం.