సండే స్కూలు పిల్లల స్నేహ ప్రణాళిక

ప్రార్థనను, కంఠత వాక్యాలను నేర్పినంత శ్రద్ధగా పిల్లలకు స్నేహం చేయడం కూడా నేర్పవలసి ఉందనీ, అది వయసుతో దానంతట అదే అబ్బే గుణం కాదనీ నమ్మిన సండే స్కూలు ఉపాధ్యాయుల బృందం ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నది. ఒకే వీధి, ఒకే ఆట, ఒకే కులం వల్ల కుదిరే చనువును ఈ ప్రణాళిక స్నేహంగా ఎంచదు. ఎదుటివారి మేలు కోసం తన చోటును కొంత వదులుకోవడానికి సిద్ధపడే సంబంధమే ఇక్కడ స్నేహం.

ఈ నిర్వచనానికి ఆధారం సమూయేలు మొదటి గ్రంథంలోని యోనాతాను. సౌలు రాజు కుమారుడైన అతడు, గొల్యాతును గెలిచి వచ్చిన గొర్రెల కాపరి దావీదుతో నిబంధన చేసుకొని, అనగా దేవుని సాక్షిగా మాట కలుపుకొని, తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి అతనికిచ్చాడు. దావీదు బ్రతికినంతకాలం రాజ్యం దక్కదని తండ్రి హెచ్చరించి, కోపం పట్టలేక తనపైనే ఈటె విసిరినప్పటికీ, యోనాతాను మాట తప్పలేదు. ర్యాంకులతో పిల్లలను తూచే ఈ రోజుల్లో, తనను దాటి పోయినవారిని చూసి సంతోషించడం కంటె కష్టమైన పాఠం పిల్లలకు మరొకటి లేదు. అందుచేత కంఠత వాక్యాల పోటీలో ఇకపై బహుమతి ఒక్కరికి గాక, ఒకరికొకరు నేర్పుకొన్న ఇద్దరి జట్టుకు ఇవ్వాలని బృందం నిశ్చయించింది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య, విదేశీ మిషనరీల త్యాగాలను కృతజ్ఞతతో తలచుకొంటూనే, భారతీయులకు వారి నుండి కావలసింది స్నేహమని విన్నవించారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన ఆయన, మాల మాదిగ విశ్వాసులే అధికంగా ఉన్న తెలుగు పల్లెల సంఘాల మధ్య జీవితాంతం పనిచేశారు. ఆయన విన్నపం పరదేశులకే గాక తెలుగు సంఘాలకూ తగులుతుంది, ఎందుకంటే ఒకే బల్లలో, అనగా ప్రభువు భోజన సంస్కారంలో, పాలుపొందే కుటుంబాలే ఇంటి భోజనం దగ్గర కులాన్ని చూడడం నేటికీ ఉన్నది, పిల్లలు దానిని పెద్దల మాటల్లో గాక కళ్లలో చదువుతారు. పాత బట్టలు పంచడం దయ కావచ్చును గాని, ఇచ్చిన బిడ్డ పుచ్చుకొన్న బిడ్డ ఇంటికి వెళ్లి కూర్చుని తిననంతవరకు అది స్నేహం కాదు. సుంకరులతో, అనగా రోమా ప్రభుత్వం తరఫున పన్నులు వసూలు చేసి జనద్వేషానికి గురైనవారితో, కలిసి భుజించినందుకే యేసు నిందల పాలయ్యాడు.

దుఃఖంలో ఉన్న తోటివారి దగ్గర మాటలు వెదుక్కోనక్కరలేదని కూడా పిల్లలకు చెప్పాలి. యోబు స్నేహితులు ఏడు దినాలు మౌనంగా నేలపై అతని పక్కన కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచి నేరం మోపినప్పుడే వారు చెడిపోయారు.

చాడీకీ సహాయం కోరడానికీ మధ్య ఉన్న తేడాను బృందం ప్రత్యేకంగా బోధిస్తుంది. తోటివారికి శిక్ష పడాలని చెప్పేది చాడీ. వారిని ఆపద నుండి తప్పించాలని చెప్పేది స్నేహధర్మం. స్నేహితుని తప్పును నలుగురిలో ఎత్తిచూపక మొదట ఒంటరిగా చెప్పాలన్నది మత్తయి సువార్త 18వ అధ్యాయపు క్రమం. అయితే ఏ పెద్దవారైనా, వారు ఉపాధ్యాయులైనా సంఘ కాపరి అయినా, ఇంట్లో చెప్పవద్దంటూ ఒక బిడ్డతో రహస్యం పెట్టుకొంటే అది స్నేహం కానే కాదనీ, దానిని వెంటనే తల్లిదండ్రులకో నమ్మకమైన మరొక పెద్దకో చెప్పడం పాపం కాదనీ ప్రతి తరగతిలో స్పష్టంగా చెప్పబడుతుంది. ఈ విషయంలో సంఘ గౌరవం పేరిట మౌనం పాటించడాన్ని బృందం అంగీకరించదు.

పిల్లలకు విధించిన ఈ నియమాలు మొదట ఉపాధ్యాయులకు వర్తిస్తాయి. క్రిస్మస్ విందు నాడు వారు వేదిక దగ్గరి కుర్చీలను విడిచి, ఆ ఏడాది కొత్తగా చేరి ఇంకా ఎవరితోనూ కలవని పిల్లల పక్కన చాపపై కూర్చుని, వారికి వడ్డించిన అన్నమే తింటారు.