ఆకలి వేళ కచేరీ దండగేనా?

సంపాదకులకు,

కష్టకాలంలో ఆశ పేరుతో ఆర్కెస్ట్రా కచేరీలు పెట్టడం కడుపు నిండినవాళ్ల ముచ్చటేనంటూ పోయిన సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఊరుకోలేకపోయాను. 1942 ఆగస్టు 9న లెనిన్‌గ్రాడ్‌లో జరిగింది వ్యాసకర్త గుర్తుచేసుకోవాలి.

అప్పటికి పదకొండు నెలలుగా ఆ నగరం జర్మన్ సేనల ముట్టడిలో ఉంది. ఆ రోజు అక్కడ వాయించిన, సోవియట్ స్వరకర్త షొస్తకోవిచ్ ఏడో సింఫనీకి పెద్ద వాద్యబృందం కావాలి. దాన్ని వాయించాల్సిన నగర రేడియో ఆర్కెస్ట్రాలో కొందరు ఆకలితో పోయారు, మిగిలినవాళ్లకు నిలబడే ఓపిక లేదు. బృందాన్ని నడిపించిన కార్ల్ ఎలియాస్‌బర్గ్ కూడా నీరసించి మంచాన పడి లేచినవాడే. మొదటి రిహార్సల్‌ను కాసేపటికే ఆపేయాల్సి వచ్చింది. అందులోనూ ఊదే వాద్యాలవాళ్ల అవస్థ మరీ ఎక్కువ. బాకా పెదవికి ఆనించినా ఊదడానికి ఊపిరి చాలేది కాదు. వాళ్లకు అదనంగా రేషన్ ఇచ్చారు, చాలనిచోట సైన్యంలోంచి వాయిద్యకారులను రప్పించారు. కచేరీకి అడ్డు రాకుండా సోవియట్ ఫిరంగులు ముందే శత్రు స్థావరాల మీద విరుచుకుపడ్డాయి. హాలు నిండిపోయింది. ఆ సంగీతం లౌడ్‌స్పీకర్లలో వీధులకూ, జర్మన్ల వైపుకూ వినిపించింది.

వీళ్లలో కడుపు నిండినవాళ్లెవరండీ?

కచేరీతో ముట్టడి వీడలేదు, నిజమే. అది 1944 జనవరి దాకా సాగింది. స్టాలిన్ ప్రభుత్వం ఆ సింఫనీని ప్రచారానికి వాడుకున్న మాటా కాదనను. అయినా తిండికీ సంగీతానికీ పోటీ పెట్టడం అన్యాయం. ఆ కచేరీ గురించి కూడా వ్యాసకర్త రాస్తే చదవాలని ఉంది.

— ఒక పాఠకుడు, విజయవాడ