తెలిసినవారి పేరుతో వచ్చే వర్మ్

అపరిచితుల నుంచి వచ్చిన ఈమెయిల్ అటాచ్‌మెంట్లు తెరవకూడదన్నది కంప్యూటర్ భద్రతలో అందరూ చెప్పే మొదటి సలహా. తన నకళ్లు తానే తీసుకుని వ్యాపించే వర్మ్‌ల విషయంలో మాత్రం ఈ సలహా చాలదు. అవి చాలావరకు వచ్చేది పరిచయస్తుల పేరుతోనే.

2000 మే 4న ఫిలిప్పీన్స్‌లో బయలుదేరిన ‘ఐ లవ్ యూ’ వర్మ్ ఒక్క రోజులో ఐరోపా, అమెరికాలకు పాకింది. బ్రిటిష్ పార్లమెంటు తన ఈమెయిల్ వ్యవస్థను కొంతసేపు ఆపేసుకుంది. ఒక కంప్యూటర్‌లో చేరగానే ఆ వర్మ్, ఔట్‌లుక్ చిరునామాల పట్టికలో ఉన్నవారందరికీ ఆ మనిషి పేరుతోనే ఉత్తరం పంపేది. పై అధికారి నుంచి ప్రేమలేఖ వస్తే, అదేమిటో చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది కదా!

అటాచ్‌మెంట్ పేరు ‘లవ్-లెటర్-ఫర్-యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్’. అది చదువుకునే ఉత్తరం కాదనీ, కంప్యూటర్ నడిపే స్క్రిప్ట్ అనీ చెప్పేది చివరి ‘వీబీఎస్’ ఒక్కటే. తనకు తెలిసిన రకం ఫైళ్ల పేర్లలో ఈ తోకను దాచిపెట్టడం విండోస్‌లో ముందే ఉన్న అమరిక. అందువల్ల చాలామందికి కనిపించింది ‘టీఎక్స్‌టీ’ వరకే. క్లిక్ చేస్తే స్క్రిప్ట్ నడిచేది, జేపెగ్ ఫొటోల స్థానంలో తన నకళ్లు రాసేసేది. గుర్తుపట్టే ఆనవాలును యంత్రమే దాచినప్పుడు, తప్పంతా క్లిక్ చేసినవారిదే అనడం అన్యాయం.

మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జూన్‌లో ఔట్‌లుక్‌ను సవరించింది. ప్రోగ్రామ్ ఫైళ్ల అటాచ్‌మెంట్లను అడ్డుకుంది. వేరే ప్రోగ్రామ్ ఏదైనా చిరునామాల పట్టికను తాకబోతే హెచ్చరిక వచ్చేలా చేసింది. మాక్రోల సంగతి ఇంత త్వరగా తేలలేదు. వర్డ్ మాక్రో సాయంతో ‘మెలిస్సా’ వ్యాపించింది 1999 మార్చిలో. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను ముందుగానే అడ్డుకోవడం మొదలైంది 2022లో! అంతకుముందు చాలాకాలం ఒక హెచ్చరిక చూపించి, దాని పక్కనే అనుమతించే బటన్ పెట్టేవారు.

ఖాతాల విభాగంలో గుమాస్తాకు రోజూ బిల్లులు, ఉద్యోగ దరఖాస్తులు చూసేవారికి బయోడేటాలు అటాచ్‌మెంట్లుగానే వస్తాయి. వాటిని తెరవడమే వారి పని. ‘తెరవకండి’ అని సర్క్యులర్ పంపి చేతులు దులుపుకునే సంస్థ తన బాధ్యతను వారి మీదకు నెడుతోంది. స్క్రిప్ట్‌లు, ప్రోగ్రామ్ ఫైళ్లు ఉద్యోగి వరకు రాకుండా మెయిల్ సర్వర్‌లోనే ఆపాలి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని ఖాతా ఇవ్వాలి. ముఖ్యమైన ఫైళ్ల నకలు ఒకటి నెట్‌వర్క్‌కు తగిలించని డిస్కులో ఉండాలి.

ఇప్పుడు ఇదే ఎత్తు ఫోన్లలోకి వచ్చింది. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ‘ఏపీకే’ ఫైలు నిజానికి ఒక యాప్. ఇన్‌స్టాల్ చేసి అనుమతులిస్తే ఓటీపీ సందేశాలు మోసగాళ్లకు చేరిపోవచ్చు. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, దాన్ని చూడటానికి యాప్ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

ఇక విండోస్‌లో ఫైలు పేరు తోక నేటికీ ముందే దాగి ఉంటుంది. విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’, ఆ తర్వాత ‘షో’ నొక్కి, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఎంచుకుంటే కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్ ఉద్యోగి చేతికివ్వకముందే ఆఫీసువారు ఈ పని చేసిపెట్టవచ్చు.