వ్యూస్ చూసి మురవకండి, ఎక్కడ ఆపేశారో చూడండి



పై వీడియోలో జీవామృతం కొలతలు మొదటి నిమిషంలోనే చెప్పేశాను, గమనించే ఉంటారు. పాత వీడియోలో అవి ఏడో నిమిషంలో ఉండేవి. ముందు నాటు ఆవు గొప్పతనం, ఆ తర్వాత నా కథ, అన్నీ అయినాక కొలతలు. ఎందుకు మార్చానో చెప్తాను. మనలాగా వీడియోలు తీసి నాలుగు ముక్కలు రాసే రైతులందరికీ పనికొచ్చే మాట ఇది.

యూట్యూబ్ స్టూడియోలో ఒక గీత ఉంటుంది. వీడియోలో ఏ నిమిషం దాకా ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది. పాత జీవామృతం వీడియోకి ఆ గీత చూసి దిగులు పడ్డాను. రెండో నిమిషానికే సగం మంది వెళ్లిపోయారు. ఏడో నిమిషం దగ్గర మాత్రం గీత మళ్లీ లేచింది. అంటే ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి చూస్తున్నారు, కొందరు నేరుగా అక్కడికే దూకుతున్నారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, నీడలో 48 గంటలు. వాళ్లకు కావాల్సింది ఇదీ. నా ఉపన్యాసం ఎవరికి కావాలి?

వెళ్లిపోయిన ఆ సగం మంది సంగతే నన్ను పట్టుకుంది. సగం విని, తోచినట్టు డ్రమ్ము కలిపి, ఫలితం రాకపోతే ఏమంటారు? "ఈ ప్రకృతి సేద్యం ఒట్టి మాటలే" అని మళ్లీ మందుల దుకాణం మెట్లెక్కుతారు. ఆ తప్పు నాదే అవుతుంది.

"సేవ చేస్తున్నం, మనకు లెక్కలెందుకన్నా" అనే మిత్రులు ఉన్నారు. నేను ఒప్పుకోను. పత్తి చేలో గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెడతాం. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే కదులుతాం, లేకపోతే ఆగుతాం. లెక్క ఉన్నది ఏం చేయాలో తేల్చుకోవడానికి. వెబ్‌సైట్ లెక్క కూడా అంతే. చూసినాక ఏ పనీ మార్చకపోతే ఆ చూడటం దండగ.

కొలతల సంగతి చెప్పాను కదా, ఎక్కడ ఆపేశారన్నది మొదటి లెక్క. అది కాక ఇంకో రెండు చూస్తాను.

ఏ మాట వెతుక్కుంటూ వచ్చారు అనేది రెండోది. గూగుల్ సెర్చ్ కన్సోల్ పైసా తీసుకోకుండా ఇది చూపిస్తుంది. నేనేమో "రసం పీల్చు పురుగుల సమగ్ర యాజమాన్యం" అని శీర్షిక పెట్టాను. జనం వెతికింది "మిర్చి పూతలో నల్ల పురుగు". 2021లో మన ఖమ్మం వైపు మిర్చి తోటలను నల్ల తామర పురుగు ఎట్లా ఊడ్చిందో మర్చిపోయే సంగతి కాదు. పూత రాలిపోతుంటే గట్టు మీద నిలబడి ఫోన్ తీసిన రైతుకు "సమగ్ర యాజమాన్యం" అనే మాట నోటికి వస్తుందా? ఇప్పుడు రైతు నోటి మాటే శీర్షిక. శాస్త్రం పేరు లోపల ఉంటుంది.

ఎప్పుడు వచ్చారు అనేది మూడోది. ఘనజీవామృతం గురించి నేను రాసింది జులైలో, పత్తి మొలిచినాక. మరుసటి ఏడు లెక్క చూస్తే దాని కోసం జనం ఎక్కువగా వచ్చింది మే నెలలో, మృగశిర కార్తె రాకముందు. అది తయారుచేసి నీడలో ఆరబెట్టడానికే రోజులు పడుతుంది. అడవి అంచున ఉన్న మా జూలూరుపాడులో వాన పడిందంటే ఇక ఫోన్ చూసే తీరిక ఎవరికి? అదునుకు ముందు చెప్పాలి, విత్తనం లాగానే.

ఒక్క లెక్కను మాత్రం పూర్తిగా నమ్మను. అది ఊరి లెక్క. గూగుల్ అనలిటిక్స్ తీస్తే అంతా హైదరాబాదే కనిపించేది. మిద్దె తోటల వాళ్లే చూస్తున్నారేమో అనుకుని కుండీల మీద కూడా రాశాను. ఫోన్ చేసిన వాళ్లను "ఏ ఊరండీ" అని అడిగితే ఏన్కూరు, చండ్రుగొండ, ఇల్లందు అన్నారు. పల్లెటూరి ఫోన్ నెట్ చాలాసార్లు నగరం పేరుతోనే నమోదవుతుందని అప్పుడు అర్థమైంది.

ఇక అసలు ప్రమాదం చెప్పాలి. లెక్కలు చూడటం మొదలుపెట్టినాక నాకూ ఆశ పుట్టింది. ఒక మిర్చి వీడియోకి "ఎకరాకు ఐదు లక్షలు" అని పెట్టాను. వ్యూస్ ఒక్కసారిగా పెరిగాయి. నాలుగు రోజులకు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "తమ్ముడూ, కౌలుకు పట్టిన చేను మొత్తం ఈ ఏడే ఇటు తిప్పుదామనుకుంటున్న. ఐదు లక్షలు వస్తయి గదా?" నా గొంతు ఎండిపోయింది. ఆ ఐదు లక్షలు ఒక రైతుకు, ధర బాగున్న ఒక్క ఏడు, ఖర్చులు తీయకముందు వచ్చిన సొమ్ము. "వద్దన్నా, ముందు అర ఎకరం చేసి చూడు" అని చెప్పి, ఆ రోజే శీర్షిక మార్చాను. వ్యూస్ పడిపోయాయి. పడనీయండి. ఆయన కౌలు డబ్బు కంటే నా వ్యూస్ ఎక్కువా?

అందుకే వ్యూస్ కన్నా పెద్ద లెక్క ఒకటి ఉందంటాను. చూసినవాళ్లలో ఎంతమంది చేలో చేశారు? ఇది నేను కనిపెట్టింది కాదు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రికిన్ గాంధీ తదితరులు మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్ చేసింది ఇదే. ఆ ఊరి రైతులతోనే వీడియో తీసి, ఊళ్లోనే గుంపుగా కూర్చోబెట్టి చూపించారు. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, తర్వాత ఎవరు ఆచరించారు అన్నీ రాసుకున్నారు. ఆ ప్రశ్నలను బట్టి తర్వాతి వీడియో. కర్ణాటకలో 16 ఊళ్లలో 13 నెలలు చేసిన అధ్యయనంలో, మామూలు విస్తరణ పద్ధతితో పోలిస్తే కొన్ని పద్ధతుల ఆచరణ ఏడు రెట్లు పెరిగిందని తేలింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం కార్యక్రమంలోనూ ఇలాంటి వీడియోలు వాడారు.

మనకు ప్రొజెక్టర్ లేకపోవచ్చు, నోట్‌బుక్ ఉంది. అనలిటిక్స్ ఫోన్లను లెక్కపెడుతుంది, మనుషులను కాదు. చెట్టు కింద ఒక్క ఫోన్ చుట్టూ ఐదుగురు కూర్చుని చూస్తే అది ఒక్క వ్యూ. డ్రమ్ము కలిపే అక్క చేతిలో చాలా ఇళ్లల్లో ఫోనే ఉండదు. సిగ్నల్ లేని గూడెం ఏ గీతలోనూ కనిపించదు. అందుకే ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ మూడు మాటలు అడిగి రాసుకుంటున్నాను: ఏ పంట, ఏం అర్థం కాలేదు, చేసి చూశారా.

మీరు కూడా వారానికి ఒక గంట, వాన లేని సాయంత్రం, ఈ లెక్కలు ముందేసుకోండి. చూసి ఒక్కటంటే ఒక్కటి మార్చండి. కొత్త వీడియో తీసే ముందు పాత దానికింద కొలతలు రాతలో పెట్టండి, డేటా అయిపోయినవాళ్లు కూడా చదువుకుంటారు.

పై వీడియో చూసి జీవామృతం కలిపినవాళ్లు ఎట్లా వచ్చిందో ఫోన్ చేసి చెప్పండి. బాగా రాకపోతే మరీ తప్పకుండా చెప్పండి. నాకు కావాల్సిన లెక్క అదే.