ఒంటెద్దు సేద్యము

చెడుగుడు మన పల్లెలకు క్రొత్త యాట కాదు. క్రొత్తది దానికి కలిగిన వెల. కోతలు ముగిసిన పొలములలోను, చెరువుకట్టల క్రిందను గోచి బిగించి కూతపెట్టిన మన తాతలతో, ఆ కూతకు ముందుముందు కోట్ల రూపాయలు పలుకునని యెవరైన చెప్పియుండినచో వారు నవ్వి యూరకుందురు. 2014వ సంవత్సరమున ప్రో కబడ్డీ లీగు ఆరంభమైనప్పుడు, వేలములో నందరికంటె హెచ్చుగా పలికిన రాకేశ్ కుమార్ వెల 12 లక్షల 80 వేల రూపాయలు. 2023వ సంవత్సరపు వేలములో తెలుగు టైటాన్స్ జట్టువారు పవన్ సెహ్రావత్ అను ఆటగానిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. తొమ్మిదేండ్లలో వెల యిరువది రెట్లైనది. ఆ పర్యాయపు పోటీలు 2024 మార్చి 1వ తేదీన ముగియునప్పటికి తెలుగు టైటాన్స్ ఆడిన 22 ఆటలలో గెలిచినవి రెండు మాత్రమే. పండ్రెండు జట్లలో వారి స్థానము కడపటిది.

ఇంత సొమ్ము పుచ్చుకొని యితడు చేసినదేమి? ఆట చూచువా రెవరైనను సహజముగా నడుగు ప్రశ్న యిది. వేములవాడ, సిరిసిల్ల ప్రాంతములలో దినమంతయు మరమగ్గము ముందు నిలువబడి మూర లెక్కకు కూలి తెచ్చుకొనువాడు ఈ ప్రశ్న నడిగినచో దానిని అసూయ యని త్రోసివేయరాదు. పనికి తగిన వేతనమా, కాదా యను విచారము లోకములో నన్ని వృత్తులకును వర్తించును. ఆటగా డొక్కడు దానికి మినహాయింపు కాడు. కాని ప్రశ్న న్యాయమైనదైనను, దానికి జనసామాన్యము చెప్పుకొను సమాధానము న్యాయమైనది కాదని మా యభిప్రాయము.

ముందుగా ఆ యాటగాని పని యెట్టిదో చూతము. అతడు 2019వ సంవత్సరమున బెంగళూరు పక్షమున నొక్క యాటలోనే కూతల వలన 39 పాయింట్లు తెచ్చిన వాడు. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్ఝౌ పట్టణమున జరిగిన ఆసియా క్రీడలలో భారతజట్టునకు నాయకుడై, ఇరానును 33-29 తేడాతో నోడించి బంగారు పతకము తెచ్చినవాడు. తెలుగు జట్టు కడపటి స్థానమున నుండిన ఆ పర్యాయము సయితము అతడు కూతకు వెళ్లి తెచ్చిన పాయింట్లు దాదాపు 200. ఓడిన జట్టులో నుండి యిన్ని తెచ్చుట సామాన్యమైన పని కాదు. అంతకుముందు, 2022లో, తమిళ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు కొనగా, మొదటి యాటలోనే మోకాలు దెబ్బతిని ఆ పర్యాయమంతయు బరిబయట కూర్చుండినవాడు నతడే. చెడుగుడు ఆటగాని సంపాదన కాలము కొలది యేండ్లు. ఒక్క విసురుతో నదియు ముగిసిపోవచ్చును. వకీలు అరువదియేండ్లు దాటియు వాదించును. వైద్యుడు డెబ్బదియవ యేట నాడి చూచును. కూతగానికి ముప్పదియైదవ యేడు వార్ధక్యము. ఆ కొలది యేండ్లలో నతడు అడిగిన వెల నిచ్చువా రుండగా పుచ్చుకొనుట దోషము కాదు. అతడు పని చేయలేదనుట అసత్యము.

మరి జట్టు ఏల ఓడినది? దీనికి ఉత్తరము కూతగాని కాళ్లలో లేదు. కొనినవారి పద్దుపుస్తకములో నున్నది. ఆ యేడు ఒక్కొక్క జట్టు ఆటగాండ్రకై వెచ్చింపదగిన మొత్తము 5 కోట్ల రూపాయలని లీగువారు కట్టడి చేసిరి. అందులో సగమునకు మించిన సొమ్ము తెలుగు టైటాన్స్ వా రొక్కనికే పోసిరి. తక్కిన జట్టు నంతటిని మిగిలిన సగముకంటె తక్కువలో కూర్చుకొనవలసి వచ్చెను. చెడుగుడు ఒక్కరి యాట యైనచో నిదియు చెల్లెడిదే. కాని బరిలో దిగువారు ఏడుగురు.

ఆట మర్మ మెరిగినవారికి దీని ఫలము వెంటనే తోచును. కూతకు వెళ్లినవాడు పట్టుబడినచో బరి విడిచి బయట కూర్చుండవలెను. తనవారిలో నెవరో ఒకరు ఎదిరిని తాకి వచ్చిననో, ఎదిరి కూతగానిని పట్టిననో గాని అతడు మరల బ్రతికి లోపలికి రాడు. తాకి రాగల రెండవ కూతగాడును, గట్టిపట్టు పట్టగల కాపరులును లేని జట్టులో మొదటివాడు పట్టుబడుటయే ఆలస్యము. రెండున్నర కోట్ల వేతనము నిముషముల తరబడి బరిబయట నూరక కూర్చుండును. ఎదిరిజట్టు వారికి నీ సంగతి తెలియక పోదు. ఏడుగురును ఆ యొక్కనికొరకే వల పన్నుదురు. అతని నొకసారి పట్టినచో సగము గెలుపు చేతికి వచ్చినట్లే.

రాజన్నకు కోడెమొక్కు చెల్లించు మన సీమవారికి ఎద్దుల సంగతి వేరుగా చెప్ప పనిలేదు. జోడెడ్లకని కూడబెట్టిన సొమ్మంతయు అంగడిలో నొక మేలుగిత్తకు ధారపోసి, కాడికి రెండవ ప్రక్క బక్కదూడను కట్టిన రైతు చాలు వంకరపోయినదని గిత్తను కొట్టునా? కొట్టినచో ఊరివారు నవ్వరా? తెలుగు జట్టు యజమానులు చేసిన సేద్య మట్టిది. ఇది మొదటి మారును కాదు. 2018లో రాహుల్ చౌదరిని 1 కోటి 29 లక్షలకును, 2019లో సిద్ధార్థ దేశాయిని 1 కోటి 45 లక్షలకును దక్కించుకొనిరి. 2021-22లో జరిగిన 22 ఆటలలో గెలిచినది ఒక్కటి, 2022లో రెండు. పవన్ రాకమునుపే పాతుకొనిన రోగమునకు పవన్‌ను కారణముగా జెప్పుట యెట్లు?

హెచ్చువెల యిచ్చుటయే తప్పని మే మనుట లేదు. అదే 2023 వేలములో పుణెరి పల్టన్ జట్టువారు ఇరాను దేశీయుడైన మహమ్మద్‌రెజా షాద్లూయీని 2 కోట్ల 35 లక్షలకు కొనిరి. వారు ఆ పర్యాయము విజేతలైరి. అదియు మన హైదరాబాదులోనే, హర్యానా స్టీలర్సును 28-25 తేడాతో నోడించి. వెలలో భేదము స్వల్పము, ఫలములో భేదము ఆకాశపాతాళములంత. ఏలయన, పుణెవారు షాద్లూయీని కొనుటకు ముందే అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ వంటి యువకులను క్రొత్తవారుగా చేర్చుకొని తామే తీర్చిదిద్దియుండిరి. ఇల్లు కట్టిన పిమ్మట శిఖర మెత్తిరి. మనవారు శిఖరమును కొని తెచ్చి నేలమీద నిలిపిరి.

వేలములో పలికిన వెలయే యోగ్యతకు కొలమానమనుకొను భ్రమ సయితము పిమ్మటి రెండేండ్లలో తొలగిపోవలెను. 2023లో 2 కోట్ల 60 లక్షలకు మించి పలికిన పవన్‌ను 2024లో తెలుగు టైటాన్స్ వారే 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకొనిరి. 2025లో తమిళ తలైవాస్ వారు 59 లక్షల 50 వేలకు కొనిరి. రెండేండ్లలో అతని నేర్పు నాల్గవ వంతునకు దిగినదని యెవరు చెప్పగలరు? అంగడి వెల సరకు గుణముచేతనే గాక, కొనువాని యాత్రముచేతను, సంచిలో మిగిలిన సొమ్ముచేతను ఏర్పడును. ఇక తెలుగు జట్టు సంగతి: ఒక్కనిమీది భారము తగ్గిన 2024లో 12 ఆటలు గెలిచి యేడవ స్థానమునకు వచ్చినది. 2025లో, విజయ్ మాలిక్ నాయకత్వమున, తుదిపోరునకు ఒక్క మెట్టు దూరమువరకు వెళ్లినది. ఆ నాయకుని వెల 51 లక్షల 50 వేలు. లెక్కలు తెలిసిన వారికి ఇంతకంటె వివరణ అక్కరలేదు.

మన వేములవాడ చరిత్రలోనే దీనికి పోల్పదగిన విషయ మొకటి కలదు. పదియవ శతాబ్దమున నిచట నేలిన చాళుక్యరాజు రెండవ అరికేసరి, తన యాస్థానకవియగు పంపనకు ధర్మపురమను అగ్రహారము నొసగెను. పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్టమీద చెక్కించిన శాసన మీ దానమును చెప్పుచున్నది. ఒక కవికి ఊరినే యిచ్చుట హెచ్చా, తక్కువా యని నేడెవరును తర్కింపరు. కాని ఒక భేదము గమనింపవలెను. కావ్యము పంపడొక్కని పని. అతడు వ్రాసిన పద్యము మరియారుగురు సరిగా నిలువనందున చెడిపోదు. రాజు సొమ్ము ఎవనికి చేరినదో పనియు వానివలననే పూర్తియైనది. చెడుగుడు వీరుని పని అట్టిది కాదు. ఆరుగురు తోడు నిలిచిననే గాని అతని విద్య ఫలింపదు. కావున వాని వేతనము న్యాయమగుట ఆ యారుగురికి ఏమి మిగిల్చితి రనుదానిని బట్టి యుండును.

ఇందుండి మన మెరుగవలసినది రెండు. మొదటిది, జట్టు యజమానులకు సంబంధించినది. మొత్తపు సొమ్ములో నొక్క యాటగానికి మూడవవంతునకు మించి పోయరాదని వారు తమకు తామే కట్టడి చేసికొనుట మేలు. రెండవది, మనకు సంబంధించినది. తెలుగు పేరు పెట్టుకొనిన జట్టులో హెచ్చువెల పలికిన రాహుల్ ఉత్తరప్రదేశమువాడు, సిద్ధార్థుడు మహారాష్ట్రమువాడు, పవన్ ఢిల్లీ ప్రాంతమువాడు. వారు పరాయివారని మే మాక్షేపింపము. విద్య యున్నచోటికి గౌరవము పోవలసినదే. కాని ఆ విద్య అక్కడ పుట్టి యిక్కడ పుట్టకపోవుటకు కారణ మేమి? మన పిల్లలకు కూత లేకనా, కాలు లేకనా? పండుగలకు, జాతరలకు పందెములు పెట్టి, గెలిచిన జట్టునకు నగదు బహుమాన మిచ్చి, ఛాయాచిత్రము తీయించుకొని యిండ్లకు వచ్చెడి పెద్దలు మనలో కొదువలేదు. లీగు ఆటలు చాపలమీద జరుగుచుండగా మన పిల్లలు మట్టిలోనే యాడుచున్నారు. మట్టిలో జారిన కాలికి చాపమీది పట్టు ఒక్కనాట నలవడదు. బహుమానపు సొమ్ములో సగమైనను ఉన్నతపాఠశాలకు ఆటచాపలు కొనుటకు, నేర్పుగల శిక్షకుని నిలుపుటకు, దెబ్బతిన్న పిల్లవానికి వైద్యము చేయించుటకు కేటాయించినచో పదియేండ్లలో వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల పిల్లల పేర్లు వేలపు పట్టికలో వినవచ్చును.

కూతగానికి కోట్లు వచ్చెనని కన్నెఱ్ఱ చేయవలదు. అతడు తన చెమటకు వెల పుచ్చుకొనినాడు. నిలదీయవలసినది సొమ్మంతయు శిఖరమునకే పోసి పునాదిని మరచిన యజమానులను. పిదప, గెలిచినవానికి దండవేయుటయే గాని గెలువగలవానిని పెంచుట యెరుగని మనలను.